రంగయ్యగారికి తాళం తిరిగి వచ్చింది

పురసవాక్కం, చెన్నై
మంగళవారం

అక్కకు మాధవి నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, బావగారు, పిల్లలు, మీ అత్తయ్యగారు కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. చిన్నదానికి జలుబు తగ్గిందా? ఫోన్లో అడుగుదామంటే రెండు మాటలు కాకముందే పిల్లలు లాక్కుంటారు, అందుకే ఉత్తరం. దీన్ని మీ అత్తయ్యగారికి కూడా చదివి వినిపించు. మీ చెల్లెలు కంప్యూటర్లో ఏం చేస్తుందని ఆవిడ అడిగినప్పుడల్లా నువ్వు నీళ్లు నములుతున్నావట కదా.

ఇక్కడ పది రోజులుగా ఒకటే వాన. దీపావళి దగ్గరపడిందని జనం గొడుగులతోనే బట్టల కొట్ల మీద పడుతున్నారు. తిండికి లోటు లేదు. పొద్దున పొంగలి, మధ్యాహ్నం సాంబారు, రాత్రి మళ్లీ సాంబారు. కారం మాత్రం కంటికి కూడా కనపడదు. చీరాల నుంచి ఎవరైనా వస్తుంటే కాస్త కందిపొడి, కొరివికారం ఇచ్చి పంపు. ఆదివారాలు నువ్వు బాగా గుర్తొస్తావు, ఆ రోజు పలకరించే మనిషి ఉండదు. ఏడవడం లేదులే, కంగారు పడకు.

ఇక నా పని సంగతి. మేము వెబ్ ప్రోగ్రాములు తయారుచేస్తాం. ఒక ప్రోగ్రాం నడవాలంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కలు, లైబ్రరీలంటారు, బోలెడు కావాలి. ఏవి కావాలో జాబితా రాసిస్తే బిల్డ్ టూల్ అనేది వాటిని తెచ్చి, వాటికి కావలసిన వాటినీ తెచ్చి, అన్నీ కలిపి ఒక మూట కడుతుంది. ఆ మూటను కొనుక్కున్నవాళ్ల సర్వర్‌లో, అంటే ప్రోగ్రాం నడిచే చోట, దించుతాం. అయితే కొన్ని లైబ్రరీలు ఆ సర్వర్‌లోనే ఉంటాయి. జాబితాలో వాటి పక్కన, ఇది అక్కడే ఉంది, మోయక్కర్లేదు అని ఒక గుర్తు పెట్టాలి. నేను వచ్చేటప్పుడు నువ్వు బకెట్టు, మగ్గు, చీపురుతో సహా కట్టి పంపలేదూ? హాస్టల్ గదిలో అవన్నీ ముందే ఉన్నాయి. బాత్రూంలో కాలు పెట్టే చోటు లేక నా రూమ్మేటు నాతో వారం రోజులు మాట్లాడలేదు. అలాంటి గొడవే ఇదీను.

ఇక్కడే ఎప్పటినుంచో ఉన్న ఒక బట్టల కొట్టుకు మేము ప్రోగ్రాం చేశాం. తొండియార్‌పేటలో ఉన్న వాళ్ల రెండో కొట్టులో ఏ చీర ఉందో ఇక్కడి నుంచే చూసుకోవచ్చు. యజమాని సరోజమ్మగారు, తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. కంప్యూటర్లు చూసుకునేది వాళ్ల గుమాస్తా రంగయ్యగారు. అరవై దాటాక పట్టుబట్టి నేర్చుకున్న మనిషి. మేము రాసిచ్చిన కాగితం పక్కన పెట్టుకుని, ఆయన పోయిన గురువారం పాత సర్వర్ తీసేసి కొత్తది ఎక్కించారు. అంతే, మా ప్రోగ్రాం లేవనంది. పండగ జనం మధ్య రెండు కొట్లకూ ఫోన్లే ఫోన్లు. మా పని చూసే టీం లీడ్ సెల్వి సెలవులో ఉంది. సరోజమ్మగారు నాకు ఫోన్ చేస్తే నేను ఠక్కున, మా ప్రోగ్రాం నిన్నటిదాకా నడిచింది కదండీ, సర్వర్ మార్చడంలోనే తేడా జరిగి ఉంటుందన్నాను. ఆవిడ ఆ సాయంత్రమే సర్వర్ గది తాళం తీసుకుని, రంగయ్యగారిని జాకెట్టు గుడ్డల దగ్గర నిలబెట్టారు.

మూడు రోజులు ఆయన చేసిన పనిలోనే తప్పు వెతికాను. నిన్న పొద్దున ఎందుకో మా మూట విప్పి చూశాను. సర్వర్‌లో ఉండాల్సిన లైబ్రరీ అందులో దర్జాగా కూర్చుని ఉంది. ఎప్పుడో అది లేకుండా నా ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాం నడవక, ఆ గుర్తు నేనే తీసేసి, మళ్లీ పెట్టడం మరిచాను. పాత సర్వర్‌లోదీ నా మూటలోదీ ఒకే వెర్షన్ కాబట్టి ఇన్నాళ్లూ సర్దుకుపోయాయి. కొత్త సర్వర్‌తో కొత్త వెర్షన్ వచ్చేసరికి రెండూ కొట్టుకున్నాయి. గుర్తు పెట్టి, మళ్లీ మూట కట్టి పంపితే క్షణంలో లేచింది.

అప్పుడు నాకు పాడుబుద్ధి పుట్టిందక్కా. సరిచేశామని చెప్పి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఈ వారమే నా ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం రావాలి. కానీ మధ్యాహ్నం కంచం అలాగే వదిలేసి లేచాను. ఈసారి నేరం సాంబారుది కాదు. సెల్వికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. బాగా తిట్టింది, నీ కాగితం ఆగుతుందేమో అంది, ముందు కొట్టుకెళ్లి నీ నోటితోనే చెప్పు అంది. అన్నట్టే ఇవాళ కాగితం నెల రోజులు వాయిదా పడింది. నాన్నకు నేనే చెప్పుకుంటాను, నువ్వు నోరు జారకు.

తడుస్తూ కొట్టుకు వెళ్లాను. సరోజమ్మగారు అంతా విని, "నాకెందుకు పాపా చెప్తావు? ఆయన ఆడుండారు. పోయి ఆయనకు చెప్పు" అన్నారు.

రంగయ్యగారు ఒకావిడకు జాకెట్టు గుడ్డ కొలుస్తున్నారు. ఆ జనంలోనే చెప్పేశాను. మీరు సరిగ్గానే మార్చారు, తప్పు నాది, చూసుకోకుండా మీ మీదికి నెట్టాను, క్షమించండి అన్నాను. ఆయన చేతిలో కొలబద్ద ఆగిపోయింది.

"నిజంగానా పాపా? ఆ కాయితం ఎన్నిసార్లు చూసుకున్నానో. వయసైపోయె, ఏదో వరస తప్పినానేమో అనుకున్నా" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. సరోజమ్మగారు వెనకే వచ్చి తాళంచెవి గుడ్డల మీద పెట్టారు. ఆయన దాన్ని వెంటనే ముట్టుకోలేదు. ముందు జేబులోంచి ఫోన్ తీసి ఇంటికి చేశారు. "ఏమే, తప్పు నాది గాదంట. ఆ పాపే వచ్చి చెప్తా ఉండాది" అన్నారు. అవతల భార్య ఏమన్నదో గానీ, "సరి, సరి" అంటూ కళ్లు తుడుచుకున్నారు. తర్వాత ఆ గుడ్డ కొనే ఆవిడను, ఎన్ని మీటర్లన్నావమ్మా అని మామూలుగా అడిగారు.

మీ అత్తయ్యగారికి, బావగారికి నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. అక్కా, తప్పు నాదన్న ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఇకమీదట చూడని తప్పు ఎవరి మీదా వేయకుండా ఉండే బుద్ధినివ్వమని నా కోసం దేవుణ్ణి అడిగి, నన్ను దీవించు.

నీ చెల్లెలు,
మాధవి