గీతతో మొదలయ్యే నీ ఫైలు

గంగులప్పా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పుంగనూరు నుంచి మీ అమ్మ మదనపల్లెలోని మన కంప్యూటర్ సెంటరుకు వచ్చింది. నువ్వు వాడిన కంప్యూటరు పాడయ్యేలా ఉంది, అందులోని నీ పని వేరేచోట దాస్తున్నానని నేనే కబురు పెట్టాను.

జాబితాలో అన్నిటికన్నా పైన కనబడాలని నువ్వు ప్రతి ఫైలు పేరుకూ ముందు చిన్న గీత పెట్టేవాడివి. మనం చేసే మార్పులన్నీ దాచే సాఫ్ట్‌వేర్ ఆ గీతను చూసి, అది పేరు కాదు, తనకిచ్చిన ఆదేశం అనుకొని ఫైలును తీసుకునేది కాదు. పేరు మార్చమంటే, "నేను యాల మార్సల్లప్పా? అదే మారనీ" అని నవ్వేవాడివి.

గీత తీసేస్తే నిమిషంలో అయిపోయేది. నాకు చేతులు రాలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా దిద్దుకోవచ్చు కాబట్టి దాన్నే తెరిచాను. పేరుకు ముందు విడిగా రెండు గీతలు పెడితే ఆ తర్వాత వచ్చేదంతా పేరేనని దానికొక నియమం ఉంది. ఫైలు చేర్చుకునే చోట ఆ నియమాన్ని రాయడం మరిచారు. అది సరిచేశాను. పాలకేంద్రం లెక్కలకని నువ్వు రాస్తూ వచ్చిన ప్రోగ్రాం, నువ్వు పెట్టిన పేరుతోనే లోపలికి పోయింది.

"ఇంగ పోదు కదప్పా?" అంది మీ అమ్మ.

"పోదమ్మా. ఈడ బద్రంగా ఉండాది."

"సాయంత్రం పాల లెక్క సగంలో నిలిపినాడంటివే. నువ్వు పూర్తి సేస్తావా?"

చేస్తానన్నాను. ఆమె బస్సెక్కాక ఫైలు తెరిచి, నువ్వు ఆపిన వరస దాకా పోయి, ఏమీ రాయకుండా మూసేశాను.