మత్తయి సిలువ మీద మాట

రేపల్లె, 20 అక్టోబరు 1968, ఆదివారం

ఆరాధన అయ్యాక కరుణమ్మ వచ్చింది. నవంబరు రెండున సమాధుల పండక్కి, పోయిన మొగుడు మత్తయి సిలువ మీద పేరుకి ముందు ‘నీతిమంతుడు’ అని రాయిస్తానంది. మత్తయి పాతికేళ్లు మా గుడి గంట కొట్టాడు. మంచివాడే, కల్లు మాత్రం మానలేదు. నీతిమంతుడు లేడు, ఒక్కడును లేడు అని వాక్యం చూపించి వద్దన్నాను. మరి మా ఆయన ఎవరండీ అయ్యగారూ అని అడిగింది. పాపి అన్నాను.

అందరం పాపులమే అని కూడా అనాల్సింది. ఇంతలో టీ వచ్చింది.

23 అక్టోబరు

బైబిల్ క్లాసుకి లూకా తీశాను. జెకర్యా, ఎలీసబెతు ఇద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులట! యోబు సంగతి సరేసరి. మరి ఒక్కడూ లేడన్నదేంటి? ఉపదేశి ట్రైనింగ్‌లో నాకు ఫస్ట్ క్లాస్. క్లాసులో ఆ వచనం దాటేసి చదివాను. ఎవరూ పట్టుకోలేదు. సిగ్గేసింది.

బాపట్ల, 28 అక్టోబరు

పెద్ద పాస్టరుగారిని అడిగాను. నవ్వారు. నీతి దేవుడు తొడిగిన చొక్కా, మనం కుట్టుకోలేదన్నది ఒక వచనం, ఒంటి మీద ఉందన్నది ఇంకోటి అన్నారు. ఇంతకీ ఎవరికి వద్దన్నావు అని అడిగారు.

ఊరికే అడిగానండీ అన్నాను.

తెనాలి, 1 నవంబరు

నాన్న సమాధికి సున్నం వేశాను. నాచు గీకితే అక్షరాలు తేలాయి. ‘నీతిమంతుడు’. చెక్కించింది నేనే. మర్చేపోయాను. నాన్న అమ్మని బెల్టుతో కొట్టేవాడు. మత్తయి తాగొచ్చినా కరుణమ్మ మీద చెయ్యెత్తిన రోజు లేదు.

చెప్పేవి శ్రీరంగనీతులు. మిగతాది రాయను.

రేపు మొదటి బండికి వెళ్లి, రాయించుకోమని కరుణమ్మకి చెప్పాలి.

రేపల్లె, 2 నవంబరు

బండి లేటు. వెళ్లేసరికి సమాధుల దగ్గర అందరూ ఉన్నారు. మత్తయి సిలువ మీద నల్లరంగుతో, పెద్దక్షరాలతో ‘పాపి మత్తయి’.

బోర్డులు రాసే చాంద్ బాషా రెండుసార్లు అడిగాడట, ఇదే రాయాలా అమ్మా అని. మా అయ్యగారు చెప్పారు, రాయి నాయనా అందట కరుణమ్మ. కొవ్వొత్తి వెలిగించి నాకు వందనాలు చెప్పింది. మీరన్నట్టే రాయించానండీ, సరిగ్గా ఉందా అని అడిగింది. అందరూ నా వైపే చూస్తున్నారు.

తల ఊపాను. ఛీ.

3 నవంబరు, ఆదివారం

తెల్లారగానే వెళ్లి ‘పాపి’ చెరిపాను. ‘నీతిమంతుడు’ అని రాశాను. వంకరగా వచ్చింది. చేతి నలుపు కిరసనాయిలుకీ పోలేదు.

గంట నేనే కొట్టాను. తాడు నల్లగా అయింది. కరుణమ్మ ముందు వరసలోనే కూర్చుంది. ఆమెకి ఇంకా చెప్పలేదు.