నీ నీలి గోలెంలో ఎవరున్నారు?

అత్తమ్మా,

బాగున్నావా? నువ్వు పోయి ఏడాది దాటింది. మన ఖాజాగూడ చెరువు మళ్లీ నిండింది. నువ్వూ మా అవ్వా కలిసి రంగు వేసిన నూలు ఆరేసే పెద్ద బండ మీద ఇప్పుడు అవ్వ ఒక్కతే ఆరేస్తున్నది... ఎర్రవి, పసుపువి. నీలివి లేవు.

నూలును నీలిరంగులో ముంచే నీ గోలెం చచ్చిపోయింది అత్తమ్మా. నువ్వు పోయిన ఆ రోజుల్లో దానికి తిండి పెట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు. బెల్లం, తవుడు, తంటెం గింజలు ఉడికించిన నీళ్లు... ఎప్పుడు ఏది పెట్టాలో నీ ముక్కుకే తెలుసు. పైన నురుగు పోయింది. బతికున్నప్పటి లోపలి ఆకుపచ్చ పోయి నీళ్లు ముదురు నీలంగా మారాయి. అవ్వ మూత వేసి, దాని మీద రాయి పెట్టింది. నీకు చివరి స్నానం చేయించేటప్పుడు ఎంత రుద్దినా నీ చేతి నీలం మాత్రం పోలేదని తలుచుకొని, ఆ రాయి పక్కనే కూర్చుని ఏడ్చింది.

ఏడ్చేందుకు రాయడం లేదులే. నీకో మంచి సంగతి చెప్పాలి.

పట్నంలో గడబిడలు సద్దుమణిగి కాలేజీ మళ్లీ తెరిచారు. నేను మొక్కల శాస్త్రం తీసుకున్నాను. నువ్వుంటే ఏమనేదానివో నాకు తెలియదా? "ఏంది పంతులూ, ఆకుల ముచ్చట నేర్వనీకి పట్నం దాకా పోవాల్నా? మన మేకనడిగితే చెప్పదా?"

కానీ మేకకు తెలియనిది ఒకటి ఉంది. ఉల్లిపాయ లోపలి పొరను ఒలిచి సూక్ష్మదర్శిని కింద పెడితే ఇటుకల గోడలా కనిపిస్తుంది. ఒక్కో ఇటుక ఒక జీవకణం. జీవకణం... ఎంత బాగుందో కదా ఈ మాట? విన్న రోజు చెరుకు ముక్కలా నోట్లో పెట్టుకొని హాస్టల్ దాకా నడిచాను.

కానీ ఆ కణాలు గాజులాంటివి. లోపల ఏం జరుగుతున్నదో మామూలు వెలుతురులో సరిగా కనిపించదు. అందుకని మా సారు ఒక గదికి నల్ల పరదాలు కట్టించి, లోపల పాదరసం దీపం పెట్టారు. దీపం ముందు గాజు తొట్టిలో మైలుతుత్తం నీళ్లు... నువ్వు రంగులో వాడిన మైలుతుత్తమే! ఆ నీళ్లను దాటి నీలి వెలుగు ఒక్కటే వస్తుంది. ఉల్లిపొరకు ముందే ఒక నారింజ రంగు పట్టిస్తాం. ఆ రంగు నీలి వెలుగును తాగి, వేరే రంగు వెలుగును తిరిగి ఇస్తుంది. దీన్ని ప్రతిదీప్తి అనాలని సారు చెప్పారు. కోయకుండా, చంపకుండా, బతికున్నదాని లోపలికి చూడొచ్చు. నువ్వు నమ్ముతావా?

సారు ఇంకో మాట కూడా అన్నారు. సెలవులకు ముందు దవాఖాన నుంచి డాక్టర్లు వస్తారని, బతికున్న కణాన్ని ఎవరు చూపిస్తే వాళ్లను ప్రయోగశాలలో సాయానికి పెట్టుకుంటానని, హాస్టల్లో గది కూడా ఉంటుందని. నాకున్న గది సెలవుల వరకే. ఖాజాగూడ నుంచి రోజూ పట్నం పోయిరావడం అయ్యే పని కాదు. అంటే ఇది కాకపోతే నా చదువు అక్కడికే...

నాకు ఫికర్ లేదనుకున్నాను. రంగుపని ఇంట్లో పుట్టినవాణ్ని, నాకు రంగు వేయడం ఒకరు చెప్పాలా? తక్కినవాళ్లు భయం భయంగా ముంచి తీస్తుంటే లోపల్లోపల నవ్వుకున్నాను. నేను రంగు చిక్కగా కలిపాను. పొర బాగా తాగేదాకా నానబెట్టాను. పట్టు విడవకుండా ఉండాలని చిటికెడు పటిక కూడా వేశాను!

సూక్ష్మదర్శినిలో చూస్తే... అబ్బ! నల్లటి చీకట్లో ఎర్రగా, నిప్పు కణికల వరసలు. అంత ఎరుపు నువ్వు కూడా ఎన్నడూ తీయలేదు. సంతోషం పట్టలేక సారును పిలిచాను.

సారు చాలాసేపు చూశారు. రంగు చాలా అందంగా కుదిరిందని, కానీ ఇందులో ఒక్కటీ బతికి లేదని మెల్లగా చెప్పారు. బతికున్న కణం ఆకుపచ్చగా వెలుగుతుందట. చచ్చినదే ఎర్రగా వెలుగుతుందట. డాక్టర్లు వచ్చేది ఎల్లుండే.

బయట మెట్ల మీద కూర్చున్నాను. ఏం చేయాలి? ఆకుపచ్చ, బతికున్నది... ఆ రెండు మాటలే తిరుగుతున్నాయి. అప్పుడు నీ గోలెం గుర్తొచ్చింది. చిన్నప్పుడు నేను బెల్లం గడ్డ మొత్తం అందులో పడేయబోతే నా చేతి మీద ఒక్కటిచ్చావు, గుర్తుందా? "ఒరే అల్లుడా, నూలుకు రంగు పెట్టినట్టు దీనికి పెడ్తవా? నూలుకు పానం లేదు, ఎంత పోసినా తాగుతది. ఇది బతికున్నది. జర దాని ఆకలి చూసి పెట్టాలె."

అయ్యో, నేను ఉల్లిపొరను నూలు అనుకున్నాను అత్తమ్మా!

మర్నాడు రంగును పలచన చేశాను. ఇంకా, ఇంకా... నీళ్లలో రంగు ఉందో లేదో అన్నట్టు. పటిక ముట్టలేదు. కాసేపే ఉంచాను. దీపం కింద పెట్టి కన్ను ఆనించాను.

ఆకుపచ్చ.

లేత చిగురులాంటి ఆకుపచ్చ. ఒక్కో కణంలో ఒక గుండ్రటి వెలుగు. దాని పక్కనుంచి సన్నటి దారుల్లో చిన్న చిన్న నలుసులు కదులుతున్నాయి, జాతరకు పోయే బండ్ల మాదిరి, ఒకదాని వెనక ఒకటి. ఎక్కడికి పోతున్నాయో? ఎవరు పంపిస్తున్నారో?

డాక్టర్లు వచ్చిన రోజు కూడా ఆకుపచ్చే వచ్చింది. ముసలి డాక్టరు ఒకాయన కన్ను తీయడే! వెనక వరసలో తక్కినవాళ్లు దగ్గుతున్నారు, గొంతు సవరిస్తున్నారు, ఆయనకు వినిపిస్తేనా? సారు నా భుజం మీద చెయ్యి వేశారు. గది నాదే.

సెలవులకు ఇంటికొచ్చి అవ్వకు ఇదంతా చెప్పాను. ఆమె గోలెం మూత మీది రాయి వైపు చూస్తూ కూర్చుంది. తరువాత నన్ను నానక్‌రామ్‌గూడ పొమ్మంది. నీ దగ్గర రంగుపని నేర్చిన లచ్చమ్మ వేరే కాపురం పెట్టినప్పుడు నీ గోలెంలోంచి ఒక కుండెడు తీసి ఇచ్చావట కదా? పాతదాని నీళ్లు పోయకుండా కొత్త గోలెం లేవదని నువ్వే అనేదానివి.

పోయాను. లచ్చమ్మ మూత తీసింది. అదే వాసన. పైన రాగి రంగు నురుగు, కింద ఆకుపచ్చ. నా కళ్లు మండింది గోలెంలో వేసే సున్నం ఘాటుకే అని లచ్చమ్మకు చెప్పాను... నమ్మిందంటావా?

గాలి తగలకుండా ఒక కుండ నిండుగా నింపి ఇచ్చింది. ఎక్కువ భాగం మన గోలెంలో పోశాం. రాయి ఇప్పుడు గుమ్మం పక్కన ఉంది, అవ్వ దాని మీద కూర్చుని తవుడు జల్లిస్తున్నది. కొంచెం మాత్రం చిన్న సీసాలో దాచాను. అందులోని సూక్ష్మజీవులను ఆ నీలి వెలుగులో చూడొచ్చా అని సారుకు ముందే ఉత్తరం రాసి అడిగాను, తెమ్మన్నారు.

నువ్వు రోజూ గోలెంలోకి వంగి అనేదానివి కదా, "దీంట్ల ఎవరున్నరో ఏమో రా, నా కంటే వాళ్లకే ఆకలెక్కువ" అని. ఇన్నేళ్లు తిండి పెట్టావు, ఒక్కసారి కూడా వాళ్ల ముఖం చూడలేదు. నేను చూస్తాను. రంగు పలచగానే వేస్తాను, ఒక్కరినీ చంపను. ఎలా ఉన్నారో, ఎటు తిరుగుతున్నారో వచ్చి నీకు చెబుతాను.

ఇగ ఉంటాను. పొద్దెక్కింది, గోలేనికి ఆకలైనట్టుంది. అవ్వ పిలుస్తున్నది... ఆమె వేళ్లకు నీలం అంటింది అత్తమ్మా.

నీ అల్లుడు,
నర్సింలు