బండల డిపోలో రచయితల సంఘం

తాండూరు,
14-7-1959

పూజ్యులు భీమప్ప అన్నగారికి,

తమ్ముడు జంగప్ప నమస్కరించి రాసేది. ఇక్కడ మేం క్షేమం. వికారాబాదులో మీరు, వదినగారు, పిల్లలు క్షేమమని తలుస్తాను. వానలు పడ్డాయి, కందులు వేశారు. ఇక క్షేమం మాటలు చాలు. నాకు ఒళ్లంతా మండుతోంది.

మీరు కూడా అక్కడ రచయితల సంఘం పెడుతున్నారని తెలిసింది. పెట్టేముందు మా సంఘం సంగతి వినండి. విన్నాక స్నానం చెయ్యాలనిపిస్తుంది.

మా అధ్యక్షుడు బాల్‌రాజ్, బండల వ్యాపారి. కూర్చునేది ఆయన డిపోలోనే కాబట్టి అధ్యక్షుడయ్యాడు. కిందటి దసరా నుంచి ఆయన రాసింది ఒకే ఒక్క పద్యం, వానదేవుడి మీద. ప్రతి ఆదివారం అదే చదువుతాడు. మేం కొత్తగా విన్నట్టు వహ్వా అనాలి. అనకపోతే ఆ వారం మిర్చి బజ్జీలు రావు. పోయిన నెల ఒకాయన నూనె చేతులను నా కథ మొదటి కాగితానికి తుడుచుకున్నాడు. కథ బాగుందని కూడా అన్నాడు.

నిజాం కాలంలో అందరం ఉర్దూ బడుల్లో చదివినవాళ్లమే, అది తప్పు కాదు. కానీ పోలీసు చర్య జరిగి పదకొండేళ్లు కావస్తున్నా మావాళ్లలో ఒక్కడికీ తెలుగు అక్షరం రాదు. తెలుగు పద్యాన్ని ఉర్దూ అక్షరాల్లో రాసుకొచ్చి చదువుతారు. తెలుగు తల్లికి సేవట! ఆ తల్లికి ఒక ఉత్తరం రాయమంటే చేతకాదు.

మొన్న ఆదివారం ఆడపిల్లల బడి పంతులమ్మ మనోరమ, సంఘంలో చేరతానని కథ పట్టుకొని వచ్చింది. గడప దగ్గరే నిలబెట్టారు. ఆడోళ్లొస్తే గీడ మనం మనసిప్పి మాట్లాడుడెట్ల అన్నాడు బాల్‌రాజ్. వాళ్ల ముంగట బజ్జీలు గూడ తినరాదు, జర సోచాయించుండ్రి అన్నాడు ఇంకొకాయన. ఆమె తొణకలేదు. నేను బజ్జీలకు రాలే, కథ సదువనీకొచ్చిన అంది. వద్దనేవాళ్లు చేతులెత్తమన్నారు. ఒక్కొక్క చెయ్యీ లేచింది. నేనొక్కణ్ణే లేచి, ఛీ, మీదొక సంఘమా అని ముఖం మీదే అనేసి, చెప్పులేసుకొని వచ్చేశాను.

అందుకే నా మనవి. మీ సంఘానికి అధ్యక్షుడు కావాలి కదా. మీరు తాండూరు వచ్చినప్పుడు నా కథలు రెండు విని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నన్ను పెట్టుకోండి. వచ్చే ఆదివారం పొద్దుటి రైలుకు ఇంకో రెండు కథలతో దిగుతాను. సిగ్గూ శరం ఉన్న మనుషుల మధ్య ఒక్కసారైనా కూర్చోవాలని ఉంది.

మీ తమ్ముడు,
జంగప్ప

తా.క. బావగారికి ఇంద్రమ్మ నమస్కారాలు. పైదంతా మీ తమ్ముడు చెప్తుంటే నేను రాసింది. ఆయన కింద ఉర్దూలో సంతకం పెట్టి, పోస్టు డబ్బాలో వెయ్యమని నాకే ఇచ్చి పనికి పోయాడు. ఆయనకు కూడా తెలుగు చదవరాదు కాబట్టి ధైర్యంగా ఈ నాలుగు ముక్కలు కలుపుతున్నాను.

బజ్జీల సంగతి నిజమే. ఆయన లేచి వచ్చేయడం అబద్ధం. మనోరమ ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి చెప్పింది, ఆడవాళ్లు వద్దని మొదట లేచిన చెయ్యి ఆయనదేనట. ఎందుకో నాకు తెలుసు. ఆమె చేరితే రేపు నేనూ వస్తానంటాను. నేను వస్తే ఆ కథలు ఎవరివో తేలిపోతుంది. మీరు కళ్లనీళ్లు పెట్టుకున్న కథలు నావి బావగారూ. మా నాన్న ఇంట్లో పురాణం చదివించి నేర్పిన తెలుగుతో రాసుకున్నవి. నేను చదువుతుంటే ఆయన ఉర్దూ అక్షరాల్లో ఎక్కించుకొని పోయి, తనవని చదివాడు. తొమ్మిది నెలలు ఊరుకున్నాను. ఇందాక ఆ ఛీ అన్న మాటను నా చేత్తోనే రాయిస్తుంటే మాత్రం అసహ్యమేసింది.

ఆదివారం ఆయన దిగుతాడు, చేతిలో కథలుండవు. కావాలంటే అధ్యక్షుణ్ణి చేసుకోండి, ఆ కుర్చీకి రాయడం రానక్కర్లేదు. అదే రైల్లో ఆడవాళ్ల పెట్టెలో మనోరమ, నేను కథలతో వస్తున్నాం. మీ చెయ్యి ఎటువైపు లేస్తుందో ముందుగా రాయండి. తెలుగులోనే రాయండి. ఆయనకు చదివి వినిపించేది నేనే.