రాసిందే రాసిన మంగ

తమ్ముడూ,

ఇవాళ నీ తద్దినం.

నువ్వుండగా నీ భార్య మంగ ఇంగ్లీషు నేర్చుకుంటూ, నూలు పంపమని మిల్లుకు రాసినట్టు ఒకే ఉత్తరం రోజూ రాసేది. పాతది చూడకుండా, మళ్ళీ మొదటినుంచి.

"రాసిందే రాస్తావేమే? ఆ మిల్లు దొర నీకేమన్నా మేనమామా?" అని నవ్వి, ఆ కాగితాలతో పొయ్యి రాజేసేవాడివి. మంగ మర్నాడు ఇంకోటి రాసేది.

ఇప్పుడు యుద్ధం వచ్చి నూలుకి కంట్రోలు; సర్కారు చీటీ ఉంటేనే ఇస్తారు. మగ్గాలు ఆగి, నీ పిల్లలు గంజి తాగి పడుకున్నారు. పోయిన వారం మంగ బెజవాడలో ఆ చీటీలిచ్చే ఆఫీసుకి వెళ్ళి ఇంగ్లీషులో అర్జీ ఇచ్చింది.

"ఏ ప్లీడరు గారు రాశారమ్మా?" అన్నాడట ఆఫీసరు.

"నేనేనండీ. రాసీ రాసీ చెయ్యి తిరిగింది."

నిన్న నూలు వచ్చింది.

పొద్దున దీపం పెట్టి నీకు సద్గతి ఇమ్మని అడిగాను. ఆ కాగితాలు పొయ్యిలో పెట్టిన నిన్ను క్షమించే మనసు నాకిమ్మని మాత్రం అడగలేదు.

అక్క