కాల్షియం మేక

వనపర్తి హాస్టల్,
ఆగస్టు 4

తాతకు నమస్కారాలు.

ఇక్కడ ఫోన్లు ఉంచనివ్వరు కాబట్టి ఉత్తరమే దిక్కు. నాగర్‌కర్నూల్ సైన్స్ మేళాకు మా పదో తరగతి నుంచి ఒక్కరినే పంపుతారట. రసాయన బంధాల మీద రెండు పరీక్షలు పెడతారు. రెండింటిలో కలిపి ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లే పోతారు. నేను పోవాలి తాతా.

పాఠం ఎంత బాగుందో. సోడియం దగ్గర చివర ఒక ఎలక్ట్రాన్ ఉంటుంది. క్లోరిన్‌కు ఒకటి తక్కువ. సోడియం ఇచ్చేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది, రెండూ అతుక్కుంటాయి. అదే మన ఉప్పు, సోడియం క్లోరైడ్.

నీ మనవరాలు,
సౌందర్య

తా.క.: అవ్వ పంపిన ఊరగాయలో సోడియం క్లోరైడ్ ఎక్కువైంది. ఆమెకు చెప్పకు.

మానవపాడు,
ఆగస్టు 11

చి. సౌందర్యకు తాత కురుమూర్తి దీవెనలు.

పెబ్బేరు సంతలో నలభై ఏళ్లు ఎడ్లకు జోడి కుదిర్చినోడిని, నాకే జోడీల పాఠమా? బాగుంది. ఎడమకు అలవాటైన దాపట ఎద్దు కుడివైపు, ఎలపట నడవదు. సోడియం పేరు ముందు, క్లోరిన్ పేరు వెనక పెట్టారంటే మీ సైన్స్ మేడానికి ఎడ్ల సంగతి తెలుసు. పుచ్చుకున్నోడి పేరు క్లోరైడ్‌గా మారడమూ న్యాయమే. ఇల్లరికం పోయిన అల్లుడికి సొంత పేరు మిగులుతుందా? ఒక్కటి గుర్తుపెట్టుకో. కాడికి రెండే మెడలు, ఒకదానికి ఒకటే. ఇక మేళా నీదే.

తరువాతి పాఠం జర తొందరగా రాయి.

ఇట్లు,
తాత

తా.క.: నీ ఉత్తరం మీ అవ్వే చదివించుకుంది. ఊరగాయ ఇక రాదు.

వనపర్తి,
ఆగస్టు 23

తాతకు నమస్కారాలు.

కొంప ముంచావు. మొదటి పరీక్షలో కాల్షియం క్లోరైడ్ సాంకేతికం అడిగారు. నీ మాట నమ్మి ఒక కాల్షియంకు ఒక క్లోరిన్‌నే కట్టాను. కాల్షియం రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుందట, ఒక్కో క్లోరిన్ ఒక్కటే పుచ్చుకుంటుందట. అందుకని క్లోరిన్లు రెండు కావాలి. జయశ్రీ మేడం, "కాడికి రెండే మెడలని ఏ పుస్తకంల ఉందే?" అని అడిగింది. నీ పేరు చెప్పాను. "మీ తాత కాడి ఎలక్ట్రాన్లు పంచుకునే రెండు క్లోరిన్లకైతే సరిపోతది, ఇచ్చే కాల్షియంకు గాదు" అంది.

మూడు మార్కులు పోయాయి. మా తరగతి శైలజ నాకంటే రెండు మార్కులు ముందుంది. ఏడుపొస్తోంది.

సౌందర్య

తా.క.: మేడం నిన్ను చూడాలంటోంది. ఎందుకో మొహం చూస్తే తెలియలేదు.

మానవపాడు,
ఆగస్టు 30

చి. సౌందర్యకు దీవెనలు.

ఏడవకు. మూడు మెడల కాడి నా జన్మలో చూడలేదు. మీ మేడం పొరపాటు పడింది. ఈ ఆదివారం కాడి భుజాన వేసుకుని నేనే వస్తున్నా, ఆమె ముందే తేల్చుకుంటా. అన్నట్టు, మెగ్నీషియం ఆక్సైడ్ సంగతి కూడా విడమరిచి రాయి.

ఇట్లు,
తాత

తా.క.: ఉత్తరం మడుస్తుంటే మన మేక ఈనింది. రెండు పిల్లలు. మేకకు చన్నులు రెండు, పిల్లకు ఒకటి చొప్పున పట్టుకుని తాగుతున్నాయి. సౌందర్యా, మీ మేడం చెప్పిందే నిజం. కాల్షియం ఎద్దు కాదు, మేక. నేను రావడం లేదు, మొహం చెల్లదు.

వనపర్తి,
సెప్టెంబరు 15

బంగారు తాతకు వేయి నమస్కారాలు.

రెండో పరీక్షలో నాకు ఇరవైకి ఇరవై వచ్చాయి. మేళాకు నేనే పోతున్నా. అట్టముక్కలతో మేకను, రెండు పిల్లలను చేస్తున్నా. మేకకు కాల్షియం అని పేరు పెట్టాం. శైలజే రంగులు వేస్తోంది.

మెగ్నీషియం రెండు ఇస్తుంది, ఆక్సిజన్ రెండూ పుచ్చుకుంటుంది, కాబట్టి ఒకదానికి ఒకటి చాలు. ఎడ్ల మనిషివి, ఇవన్నీ నీకెందుకు?

సౌందర్య

తా.క.: మేడం నీ మేక పోలికను మిగతా తరగతులకూ చెబుతోంది.

మానవపాడు,
నవంబరు 20

చి. సౌందర్యకు తాత దీవెనలు.

ఇవన్నీ నీకెందుకని అడిగావు గదా, ఇప్పుడు చెబుతా. పోయిన నెల గద్వాలలో ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్ష రాశాను. నలభై ఆరేళ్ల కింద సైన్స్‌లో తప్పితే మా నాయన, "చదువు నీకెందుకురా, ఎడ్లెంట పో" అన్నాడు. పోయాను గానీ ఆ మాట పోలేదు. మళ్లీ తప్పితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

కాగితం మీద కాల్షియం క్లోరైడ్ సాంకేతికం అడిగారు. పక్కన చిన్నగా మేకను గీసుకుని, రెండు క్లోరిన్లు రాశాను. మూడు మార్కుల ప్రశ్న. సైన్స్‌లో పాసుకు ముప్పై అయిదు కావాలి, నాకు ముప్పై ఏడు వచ్చాయి. నువ్వు పోగొట్టుకున్న మూడే నన్ను గట్టెక్కించాయి బిడ్డా.

ఇట్లు,
పదో తరగతి పాసైన
కురుమూర్తి

తా.క.: మీ అవ్వ సంతోషం పట్టలేక మళ్లీ ఊరగాయ పంపుతోంది. ఈసారి సోడియం క్లోరైడ్ తగ్గించిందట.