ప్రతి రేవులోనూ ఆగిన పడవ

తెరచాప పడవ సొంతదారులైన దంపతులకు,

జలమార్గాల కార్యాలయం పర్యవేక్షణాధికారి రాయునది. గత ఆదివారం తీరం వెంట నీటిదారిలో మీ పడవ ఏడు రేవుల్లోనూ ఆగి, పదకొండు మందిని ఎక్కించుకుని, పది మందిని దింపిందని మా కాపలాదారు చెప్పాడు. అనుమతి లేకుండా ప్రయాణికులను చేరవేయడం నేరం. వారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే పడవ జప్తు చేస్తాం.

ఇట్లు,
పర్యవేక్షణాధికారి

తా.క. ఆ పదకొండో మనిషి ఏమయ్యాడో కూడా తెలపాలి.

*

అధికారి గారికి నమస్కారం.

మీ ఉత్తరం చదివి మా ఆయన వణికిపోయారు. నేను వణకలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆయన ముప్పై ఒక్కేళ్లు బస్సు నడిపారు. అదే బస్సులో నేను కండక్టర్ని. ఉద్యోగాలు అయిపోయాక ఈ పడవ కొనుక్కున్నాం. తెరచాప నేనే కుట్టాను. ఆదివారం క్యారేజీ కట్టుకుని, సముద్రం కనిపించేదాకా వెళ్లొద్దామని ఇద్దరమే బయల్దేరాం. మొదటి రేవులో బుట్ట పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. అంతే, ఈయన కాలు బ్రేకు వెతుక్కుంది. పడవకు బ్రేకు ఉండదుగా, చాప దించేశారు. బండి ఆగితే ఎక్కనివాళ్లెవరు? ఆవిడ ఎక్కింది. నా చెయ్యి దానంతటదే సంచిలోకి పోయి విజిల్ తీసింది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. ఇందులో నేరమేమిటో మీరే చెప్పాలి.

ఇట్లు,
పడవావిడ

తా.క. పదకొండో ఆయన కునుకు తీశారు. తన రేవు దాటించేశామని మమ్మల్నే తిట్టి, మా ఇంట్లో కాఫీ తాగి వెళ్లారు.

*

అమ్మా,

మీరు రాసింది సంజాయిషీ కాదు, నేరం ఒప్పుకోలు. పైగా ఈ నీటిదారిలో రెండు విజిళ్లు వేస్తే వంతెన ఎత్తమని అర్థం. మీరు రేవు రేవుకూ రెండేసి వేశారు. వంతెన కాపరి ఏడుసార్లు ఎత్తి ఏడుసార్లు దించాడు. మా పెద్దాఫీసరు గారి కారు వంతెనకు ఇటువైపు, ఆయన భోజనం అటువైపు ఉండిపోయాయి. వచ్చే ఆదివారం పదింటికి మూడో రేవులో నేనే స్వయంగా వచ్చి పడవ జప్తు చేస్తాను.

ఇట్లు,
పర్యవేక్షణాధికారి

తా.క. వంతెన కాపరి చేతులు బొబ్బలెక్కి సెలవు పెట్టాడు.

*

అధికారి గారూ,

రండి. మేం ఎక్కడా దాక్కోం. ముప్పై ఒక్కేళ్లలో ఒక్క మనిషినీ స్టాపులో వదిలేసి పోలేదు. ఇప్పుడు మీ కాగితానికి జడిసి పోతామా? రేవులో మనిషి కనిపిస్తే పడవ ఆగుతుంది. విజిల్ మాత్రం మానేశాను, "రైట్ రైట్" అని నోటితోనే అంటాను. నా గొంతుకు ఇంట్లోవాళ్లే లేవరు, వంతెనేం లేస్తుంది! పడవ కావాలంటే ముందు చుక్కాని దగ్గర నుంచి మా ఆయన్ని లేపండి చూద్దాం. ఆదివారం తాడో పేడో తేల్చుకుందాం.

ఇట్లు,
భయం లేని పడవావిడ

తా.క. మీ నోటీసు మీద సంతకం లేదు. పెట్టి తెచ్చుకోండి.

*

గౌరవనీయులైన అమ్మగారికి,

ఆదివారం జరిగింది పెద్దాఫీసరుకు చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. సంతకం పెట్టిన నోటీసుతోనే మూడో రేవుకు వచ్చాను. అక్కడ నలభై మంది వరసలో ఉన్నారు. ముందుకెళ్లబోతే "వెనకనుంచి రావయ్యా" అన్నారు. సరే, నిలబడ్డాను. ఆరుగురు ఎక్కాక మీరు మా వైపు చూడకుండానే "ఖాళీ లేదు, వెనక్కి జరగండి" అన్నారు. ఇరవై ఏళ్ల సర్వీసులో నన్నెవరూ అలా జరపలేదమ్మా. జరిగాను. పడవ వెళ్లిపోయింది.

మిగిలిన జనం నా నోటీసు వెనకే అర్జీ రాసి సంతకాలు పెట్టారు. పెద్దాఫీసరు ఆ వెనక వైపే చదివారు. మీరే గెలిచారు. ప్రతి ఆదివారం ఏడు రేవుల్లోనూ జనాన్ని ఎక్కించుకోవడానికి అనుమతి పత్రం జతచేశాను.

ఇట్లు,
మీ విధేయుడు

తా.క. వచ్చే ఆదివారం మా ఆవిడకు ఒక సీటు ఉంచగలరా?

*

అధికారి గారికి,

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీరు అడక్కుండానే పెట్టారు. మీ అనుమతి పత్రం తిప్పి పంపుతున్నాను.

మీరు జప్తు అన్నారని మొండికేశాను గానీ, ఈ ఎక్కించుకోవడాలను ఎవరైనా మాన్పిస్తే బాగుణ్ణని నాకే అనిపించింది. బస్సులో ఆయన ముందు, నేను వెనక, మధ్యలో యాభై మంది. ఉద్యోగమంతా ఆయన మెడ వెనక భాగం చూస్తూనే గడిచిపోయింది. ఒక్క రోజైనా పక్కన కూర్చుందామని పట్టుబట్టి ఈ పడవ కొనిపించాను. రెండు ఆదివారాలూ మళ్లీ వెనకే నిలబడ్డాను. నాకెంత ఏడుపొచ్చిందో మీకేం తెలుసు.

రేవు కనిపిస్తే ఆయన ఆగకుండా ఉండలేరు, చెప్పి లాభం లేదు. అందుకని దారి మార్చాను. పడమటి పాయలో ఒక్క రేవూ లేదు. నిన్న అటు వెళ్లాం. ఆయన పక్కనే కూర్చున్నాను. తర్వాత క్యారేజీ విప్పాం. పొద్దుగూకేదాకా మాట్లాడుతూనే ఉన్నాం.

ఏడు రేవుల జనానికి పడవ నడపాల్సింది మీ ఆఫీసు. నడపండి. ఇక మీ పెద్దాఫీసరు కాదు, ఆయన పై ఆఫీసరు వచ్చినా సరే, మా పడవలో ఇద్దరికే చోటు. కావాలంటే జప్తు చేసుకోండి.

ఇట్లు,
పక్క సీటావిడ

తా.క. మీ ఆవిడకు సీటు లేదు. మీ ఆఫీసు పడవ ఊరికే కట్టేసి ఉంటుందటగా, మీరే తీసుకెళ్లండి. వెనక మాత్రం నిలబెట్టకండి.